తిరుపతి పెళ్లికి పెళ్లికొడుకు స్నేహితులు సర్దుకోవలసిన అత్యవసర సంచి

తిరుపతి, చిత్తూరు వైపు చాలా పెళ్లిళ్లు రెండు పూటలుగా సాగుతాయి. ముందు రోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు తెల్లవారుజామున ముహూర్తం. రాత్రి పదకొండింటికి సూటు విప్పిన పెళ్లికొడుకు మూడింటికల్లా లేచి మంగళస్నానం చేసి పట్టుపంచె కట్టుకోవాలి. ఆ మధ్యలో బాసికం దారం తెగినా, పంచె అంచు చిరిగినా, కళ్లజోడు మరలు ఊడిపోయినా కొనడానికి అంగడి తెరిచి ఉండదు. గాంధీ రోడ్డులో దొరకని పెళ్లి సామాను అంటూ లేదు, కానీ నాలుగు గంటల వేళ అక్కడ అన్ని తలుపులూ వేసే ఉంటాయి. ఆ వేళకు పనికొచ్చేది పెళ్లికొడుకు వెంట ఉన్న స్నేహితుల చేతిలోని సంచి ఒక్కటే.

ఆ సంచిని పెళ్లి తంతు వరసలో సర్దడం ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి. మందులన్నీ ఒక డబ్బాలో, సూదీ దారం ఇంకో డబ్బాలో పెట్టడం ఇంట్లో బాగానే ఉంటుంది. పీటల మీద జీలకర్ర బెల్లం కారి పెళ్లికొడుకు కంట్లోకి దిగుతున్నప్పుడు మాత్రం ఏ డబ్బాలో ఏముందో ఎవరికీ గుర్తు రాదు. ఏ ఘట్టంలో ఏ ఇబ్బంది వస్తుందో ముందే తలచుకుని, ఆ ఘట్టం పేరు రాసిన చిన్న గుడ్డ సంచిలో దానికి కావలసినవి పెడితే వెతుకులాట ఉండదు.

మొదటి మెట్టు: పురోహితుడి జాబితా తెప్పించుకోండి

కొనుగోళ్ల కంటే ముందు చేయవలసిన పని ఇది. పురోహితుడు రెండు ఇళ్లకూ సామగ్రి పట్టీ ఇస్తారు. రెండు పట్టీల నకళ్లూ సంపాదించి పక్కపక్కన పెట్టి చదవండి. పెళ్లిలో కనబడకుండా పోయే వస్తువుల్లో ఎక్కువ భాగం మరిచిపోయినవి కావు. ఆడపెళ్లివారు తెస్తారని మగపెళ్లివారు, మగపెళ్లివారు తెస్తారని ఆడపెళ్లివారు అనుకున్నవి. అడ్డుతెర, బాసికాలు, మెట్టెలు, ఉంగరాలాటకు వేసే ఉంగరం, కొంగుముడిలో కట్టే సామాను, కాశీయాత్ర జరిపే ఇళ్లలో గొడుగు, పావుకోళ్లు ఇలాంటివే. పుస్తెల విషయం ఇంకా జాగ్రత్తగా అడగాలి. పుట్టింటి పుస్తె ఒకటి, మెట్టినింటి పుస్తె ఒకటి విడివిడిగా వచ్చే ఆచారం ఉన్నచోట రెండింటినీ పసుపుతాడుకు ఎవరు గుచ్చుతారు, ఎప్పుడు గుచ్చుతారు అనేది ముందే తేలిపోవాలి.

ఈ మాటలు పెళ్లికూతురి మేనమామతోనో, పిన్నిగారితోనో మాట్లాడటం మంచిది. ఆ ఇంట్లో నిజంగా సామాను చూసేది వారే. ఫోనులో, "పిన్నిగారూ, అడ్డుతెర మీ వైపు ఉందా, మమ్మల్ని తెమ్మంటారా?" అని అడిగితే తప్పుగా అనుకునేవారు ఎవరూ ఉండరు. అడిగినవన్నీ ఒక కాగితం మీద, ఎదురుగా తెచ్చేవారి పేరుతో రాసుకోండి. పేరు లేకుండా మిగిలిన ప్రతి వస్తువూ మీ సంచిలోకి రావలసినదే.

బంగారం మాత్రం ఈ సంచిలో పెట్టకండి. పుస్తెలు, మెట్టెలు, ఉంగరాలు పెళ్లికొడుకు తల్లి దగ్గరో, ఆమె అప్పగించిన పెద్దావిడ దగ్గరో ఉండాలి. అవి ఎవరి దగ్గర ఉన్నాయో తెలుసుకోవడం వరకే మీ పని. మీరు పెట్టుకోవలసింది పసుపు రాసిన నూలు తాడు, నాలుగు పసుపు కొమ్ములు. పుస్తెలు సమయానికి అందని పక్షంలో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మాంగల్యధారణ జరిపించడం మన ఇళ్లలో ఉన్నదే. లగ్నం దాటిపోకుండా ఆ కొమ్ము కాపాడుతుంది.

రెండో మెట్టు: సంచిని మూడుగా విడగొట్టండి

ఒకే పెద్ద సంచి పనికిరాదు. నడుముకు కట్టుకునే చిన్న సంచి ఒకటి, మండపం పక్కన కుర్చీకి వేలాడే గుడ్డ సంచి ఒకటి, విడిదిలోనో కారులోనో ఉండే పెట్టె ఒకటి కావాలి. నడుము సంచిలో క్షణంలో కావలసినవే ఉండాలి: పిన్నీసులు, దారం ఎక్కించిన సూది, మెత్తటి నూలు రుమాళ్లు, పసుపు దారం, చిల్లర. మండపం సంచిలో నిమిషం రెండు నిమిషాల్లో అందాల్సినవి. మిగిలినవన్నీ పెట్టెలో.

తోలు సంచి తీసుకోవద్దు. పీటల దగ్గరికి తోలు వస్తువు రావడం చాలా ఇళ్లలో ఒప్పుకోరు. మండపంలో పూలు, పళ్లేలు, పట్టుబట్టల నడుమ ఇట్టే కనబడేలా సంచి రంగు ముదురుగా ఉండాలి. ముదురు నీలం బాగుంటుంది. లోపలి చిన్న సంచుల మీద తెలుగులో పెద్ద అక్షరాలతో పేర్లు రాయండి: స్నానం, పంచె, పీటలు, హోమం, ప్రయాణం. సంచి పట్టుకున్నవారు భోజనానికి వెళ్లినా పెళ్లికొడుకు బాబాయి వచ్చి తీసుకోగలగాలి.

మూడో మెట్టు: పంచె

సంచిలో ఎక్కువ చోటు దీనికే ఇవ్వాలి. ఏడాది పొడుగునా ప్యాంటు వేసుకునే కుర్రవాడు గోచీ పోసి కట్టిన పట్టుపంచెతో పీటల మీద కూర్చుని లేచి, అగ్ని చుట్టూ తిరిగి, ఏడడుగులు నడవాలి. కొత్త పట్టు జారుతుంది. గంజి పెట్టిన కొత్త నూలూ జారుతుంది. కాబట్టి మొదటి రక్షణ నడుముకు వెడల్పాటి నూలు పట్టీ, లోపల బిగుతైన పొట్టి నిక్కరు. రెండోది పిన్నీసులు.

పిన్నీసులు మూడు కొలతల్లో, తుప్పు పట్టనివి కొనండి. చెమట తగిలిన మామూలు పిన్నీసు తెల్లటి పట్టు మీద మరక వేస్తుంది. ఒంటి పొరకు పిన్నీసు గుచ్చితే పట్టు చీలిపోతుంది. కుచ్చిళ్లను రెండు మూడు మడతలుగా కలిపి, లోపలి వైపు వేలెడంత నూలు గుడ్డముక్క పెట్టి, దానితో సహా గుచ్చాలి. గుచ్చిన తరువాత పెళ్లికొడుకును బాసింపట్టు వేసి కూర్చోమని, లేవమని, మెట్టు ఎక్కమని చెప్పండి. ముందు రోజు మధ్యాహ్నమే ఇది ఒకసారి చేయించి చూడాలి. పంచె కట్టడం తెలిసిన పెద్దాయన ఆ తెల్లవారుజామున ఎక్కడ ఉంటారో కూడా అప్పుడే అడిగి పెట్టుకోండి.

సూదులకు ముందే దారాలు ఎక్కించి ఉంచండి: తెలుపు, మీగడ రంగు, ఎరుపు, నలుపు. నిద్రలేని కళ్లతో మసక వెలుతురులో సూది బెజ్జం దొరకడం కష్టం. రిసెప్షన్ సూటుకు, షేర్వాణీకి సరిపోయే రెండు బొత్తాలు, రెండు కొక్కేలు కూడా ఆ డబ్బాలోనే వేయండి.

బూటు అడుగు ఊడితే ఫెవిక్విక్ లాంటి జిగురు పనికొస్తుంది. దాన్ని పంచె దగ్గరికి మాత్రం రానివ్వద్దు. ఆ జిగురు నూలు గుడ్డ మీద పడితే ఒక్కసారిగా వేడెక్కుతుంది, చర్మం కాలేంత వేడి పుడుతుంది. జిగురు పని ఏదైనా విడిదిలో, బూటు కాలికి లేనప్పుడే చేయాలి.

ఇక మరకలు. తెల్లటి పంచె మీద పసుపు పడగానే ఎవరో ఒకరు సబ్బు తెస్తారు. ఆపండి. సబ్బులోని క్షారం తగలగానే పసుపు ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఈ గుణం వల్లే. పసుపు పొడి పొడిగా ఉంటే దులిపేయండి, తడిగా ఉంటే పొడి గుడ్డతో అద్దండి, రుద్దవద్దు. ఆ పైన ఉత్తరీయం అటు జరపండి. పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది కాబట్టి మిగిలిన పని ఇంటికి వెళ్లాక ఎండ చూసుకుంటుంది. నూనె, నెయ్యి పడితే కాస్త టాల్కం పౌడరు చల్లి పది నిమిషాలు ఆగి దులిపితే జిడ్డు చాలావరకు పీల్చుకుంటుంది. అందుకే పౌడరు డబ్బా పంచె సంచిలో ఉండాలి.

నాలుగో మెట్టు: పీటల మీద కావలసినవి

బాసికం చిన్నది, దాని దారం ఇంకా చిన్నది. చెమటకు తడిసి జారుతుంది, ముడి వేసేటప్పుడు పొట్టిదై అందదు. మూర పొడవు పసుపు దారాలు అరడజను కత్తిరించి నడుము సంచిలో పెట్టుకోండి. కంకణానికీ, ఊడిన పూలమాలకూ, పట్టుకోల్పోయిన అడ్డుతెర అంచుకూ ఇదే దారం.

జీలకర్ర బెల్లం పెట్టే క్షణం చాలామంది తెలుగువారికి అసలు సుముహూర్తం. తమలపాకులో పెట్టి నెత్తిన అదిమి పట్టుకున్న ఆ ముద్ద వేసవిలో కరిగి నుదుటి మీదుగా కారుతుంది. ఉతికిన మెత్తటి పాత నూలు గుడ్డలు, ఒక చిన్న స్టీలు డబ్బాలో తడి గుడ్డ ఉంచండి. కొత్త రుమాలు చెమట పీల్చదు, పాతదే మేలు. సువాసన పూసిన తడి కాగితాలు కళ్ల దగ్గర మండుతాయి, వాటిని పక్కన పెట్టండి.

తలంబ్రాల వేళ నవ్వులతో పాటు బియ్యపు గింజలు కళ్లలోకీ వెళ్తాయి. కన్ను నలపనివ్వకుండా మంచినీళ్లతో కడగాలి. పెళ్లికొడుకు కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాడైతే హోమం పొగకు, పసుపు బియ్యానికి అవి నరకం చూపిస్తాయి. ముహూర్తానికి కళ్లజోడు పెట్టుకోమని ముందే ఒప్పించండి. లెన్సుల డబ్బా, కళ్లజోడు, మరలు బిగించే చిన్న స్క్రూడ్రైవరు మండపం సంచిలో ఉండాలి.

వేడికి, రాత్రి మెలకువకు వేళ్లు ఉబ్బి ఉంగరం ఎక్కదు, మెట్టె దిగదు. చిన్న సీసాలో కొబ్బరినూనె సరిపోతుంది. బిగుసుకుపోయిన ఉంగరానికి నూలు దారం కిటుకు ఉంది. దారం కొసను ఉంగరం కిందుగా అరచేతి వైపుకు దూర్చి, పొడుగాటి భాగాన్ని ఉంగరం దగ్గర నుంచి వేలి కణుపు దాకా దగ్గరదగ్గరగా చుట్టి, దూర్చిన కొసను వేలి కొన వైపు లాగుతూ విప్పుతుంటే ఉంగరం దారం మీదుగా జరుగుతుంది. వేలు నీలంగా మారితే కిటుకులు మాని వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

దక్షిణల కోసం చిల్లర గట్టిగా పెట్టుకోండి. 116, 516, 1116 అన్నప్పుడు చివరి పదహారు కోసం పెద్దలు జేబులు తడుముకుంటారు. పది రూపాయల నోట్ల కట్ట ఒకటి, రూపాయి నాణేలు ఒక సంచెడు బ్యాంకులో ముందే మార్చి ఉంచండి. మేళగాళ్లకు, హారతి పళ్లేనికి, తెల్లవారుజామున టీ తెచ్చిన కుర్రవాడికి కూడా అవే. ఫోనుతో చెల్లించడం మండపంలో అన్నివేళలా కుదరదు.

ఐదో మెట్టు: ఆరోగ్యం

పెళ్లికొడుకు కళ్లు తిరిగి పీటల మీద ఒరిగిపోవడానికి కారణం చాలాసార్లు ఒక్కటే: ఉపవాసం, నిద్రలేమి, చెమట కలిసిరావడం. తిరుపతిలో మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. వైశాఖ, జ్యేష్ఠ ముహూర్తాలు సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. ఇంటి ఆచారం పాలు, పళ్లు, మజ్జిగ ఒప్పుకుంటుందా అని పెళ్లికొడుకు తల్లిని అడగండి. ఒప్పుకుంటే ముహూర్తానికి గంట ముందు ఒక అరటిపండు, గ్లాసెడు పాలు పట్టించే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చెప్పండి.

ఓఆర్ఎస్ పొట్లాలు మందుల దుకాణంలోనే కొనండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని రాసి ఉన్న పొట్లం చూసుకోండి. రంగు పానీయాల డబ్బాలు దానికి సాటిరావు. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసులో సగం పొట్లం పోస్తే ఉప్పు మోతాదు మించుతుంది. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు సమానపు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది.

సంచిలో ఉండవలసిన మందులు కొద్దే. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలు, ఎసిడిటీ మాత్రలు, దూది, కట్టు గుడ్డ, అంటించే పట్టీలు, నొప్పి పూత, గడ్డం గీసుకున్న గాటుకు పటిక ముక్క. జలుబు మాత్రల్లో చాలావాటికి నిద్ర వస్తుంది, పెళ్లికొడుకుకు ఆ పూట వద్దు. ఒకరి బీపీ మాత్రలు ఇంకొకరికి ఇవ్వడం ప్రమాదం. పెద్దల్లో చక్కెర వ్యాధి ఉన్నవారు ఎవరెవరో ముందే తెలుసుకోండి. భోజనం ఆలస్యమై వారికి చెమటలు పట్టి చేతులు వణుకుతుంటే, స్పృహలో ఉన్నంతవరకు మూడు నాలుగు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడాలి. ఆస్తమా ఉన్న బంధువును హోమగుండానికి దూరంగా, గాలి వచ్చే చోట కూర్చోబెట్టి, ఇన్హేలరు వారి చేతిలోనే ఉందో లేదో చూసుకోండి.

హోమం దగ్గర కాలితే చల్లని నీటిధార కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐసు, పసుపు, పళ్లపొడి, సిరా ఏదీ పూయకూడదు. బట్టకు నిప్పంటుకుంటే పరిగెత్తనివ్వకుండా నేల మీద పడుకోబెట్టి మందపాటి నూలు దుప్పటి కప్పాలి. అందుకని ఆ దుప్పటి, ఒక బకెట్టు నీళ్లు మండపం వెనక ఉన్నాయో లేదో ముందే చూడండి. ఛాతీ నొప్పి, మాట తడబాటు, స్పృహ తప్పడం కనబడితే సంచి తెరవకుండా 108కి ఫోను చేయండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు మీ మండపం నుంచి దారి ఎటో డ్రైవరుకు ముందే తెలిసి ఉండాలి.

ఆరో మెట్టు: పెళ్లి కొండ మీదైతే

తిరుమలలో పెళ్లికి సర్దే సంచి వేరు. అలిపిరి దగ్గర ప్రతి సంచీ తనిఖీ చేస్తారు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు పైకి పనికిరావు, స్టీలువో రాగివో తీసుకోండి. చిన్న చిన్న సంచులు, డబ్బాలన్నీ గుడ్డవీ స్టీలువీ అయితే తనిఖీ దగ్గర ఆలస్యం ఉండదు. సిగరెట్లు, మద్యం కొండ మీద పూర్తిగా నిషేధం. ఊరి బయట నుంచి వచ్చే స్నేహితులకు ఈ మాట బస్సు ఎక్కకముందే చెప్పాలి. ఎవరి జేబులోనో దొరికితే ఆగిపోయేది పెళ్లివారి బండి. గదులకూ దర్శనానికీ ఆధార్ అడుగుతారు కాబట్టి ప్రతి ఒక్కరూ అసలు కార్డు తెచ్చుకోవాలి. నకళ్లు, వధూవరుల ఫొటోలు, రెండు శుభలేఖలు ఒక గుడ్డ కవరులో పెట్టండి. వివాహ నమోదుకు అవి ఎలాగూ కావాలి.

ఘాట్ రోడ్డు మలుపులకు కడుపులో తిప్పేవారు ప్రతి బండిలో ఒకరైనా ఉంటారు. ప్రయాణపు మాత్ర వాంతి మొదలయ్యాక వేస్తే లాభం తక్కువ, బయలుదేరే ముందే వేయాలి. దానికీ నిద్ర వస్తుంది. పెళ్లికొడుకుకు మాత్ర బదులు ముందు సీటు, తెరిచిన కిటికీ, నోట్లో అల్లం ముక్క ఇవ్వండి. కాగితపు సంచులు నాలుగు అందుబాటులో ఉంచండి.

ముహూర్తం కార్తీకంలో ఉంటే వానను లెక్కలోకి తీసుకోవాలి. మన వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు వానలకు ఘాట్ రోడ్లు మూసివేయవలసి వచ్చింది, డిసెంబరు మొదటి రోజున రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటి నెలలో పెళ్లికొడుకు, పురోహితుడు, పెళ్లి బట్టలు ముందు రోజు మధ్యాహ్నానికే కొండ మీద ఉండాలి. రెండు పెద్ద గొడుగులు, పంచె తడవకుండా చుట్టే మందపాటి తువాలు, కొండ చలికి ఒక శాలువ సర్దండి.

పెళ్లయ్యాక దర్శనానికి వెళ్తే మగవారికి పంచె, ఉత్తరీయం లాంటి సంప్రదాయ దుస్తులు అవసరమవుతాయి. జీన్సుతో వచ్చే స్నేహితుడు తప్పకుండా ఉంటాడు, అదనంగా రెండు నూలు పంచెలు పెట్టండి. గుడిలోకి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు. వధూవరుల ఫోన్లు ఎవరి దగ్గర ఉంటాయో, ముఖ్యమైన నంబర్లు రాసిన కాగితం ఎవరి జేబులో ఉంటుందో ముందే నిర్ణయించుకోండి.

దూరం నుంచి వచ్చేవారికి

విమానంలో వచ్చే స్నేహితులు అగ్గిపెట్టె, కర్పూరం, జిగురు, కత్తెర తేవద్దు. అవి తిరుపతిలోనే కొనాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి. రైలులో వచ్చేవారిలో కొందరి బండి తిరుపతి రాకుండా రేణిగుంట మీదుగా పోతుంది. అక్కడ దిగితే ఇంకా పది కిలోమీటర్లు ఉంటుంది. తెల్లవారుజామున దిగేవారి దగ్గర పెళ్లి సామాను ఏదీ ఉంచకండి. ముహూర్తానికి కావలసిన ప్రతి వస్తువూ ముందు రోజు సాయంత్రానికి విడిదికి చేరాలి.

ఏడో మెట్టు: ఎవరి పని వారికి

సంచి ఒక్కరి చేతిలోనే ఉండాలి. ఆయన ఆ పూట ఫొటోలకు దూరంగా, పెళ్లికొడుకు చూపు అందే చోట నిలబడాలి. ఇది చిన్న త్యాగం కాదు, కాబట్టి ఇష్టంగా ఒప్పుకున్నవారికే ఇవ్వండి. రెండోవారు బండి తాళాలతో, చెప్పులు విప్పకుండా బయట ఉండాలి. ఏదైనా తేవాలంటే పరిగెత్తేది ఆయనే. మూడోవారు పెద్దల దగ్గర కూర్చుని నీళ్లు, మందులు, కుర్చీలు చూసుకోవాలి.

ఏ వస్తువు ఇచ్చినా నలుగురిలో అరవకుండా ఇవ్వండి. పంచె జారిందని మైకు దాకా వినబడితే పిన్నీసు ఇచ్చిన మేలు పోతుంది. పురోహితుడికి అడ్డం రావద్దు. ఆయన వైపు చూసి, మంత్రం ఆగిన చోట సైగ చేసి ముందుకు రండి.

రిసెప్షన్ ముగిశాక, పడుకునే ముందు సంచిని మంచం మీద కుమ్మరించి మళ్లీ సర్దండి. సాయంత్రం వాడిన పిన్నీసులు, తడిసిన రుమాళ్లు, సగం అయిన నీళ్లు అప్పుడే మార్చాలి. ఫోన్లు, పవర్ బ్యాంకులు ఆ రాత్రే పూర్తిగా ఛార్జి చేయాలి, విడిదిలో ప్లగ్గులు చాలవు కాబట్టి పొడవాటి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టెలో వేసుకోండి. మూడు ఫోన్లలో అలారం పెట్టండి.

మాంగల్యధారణ అయిపోయిందని సంచిని కారులో పడేయకండి. అప్పగింతలు, ప్రయాణం, గృహప్రవేశం ఇంకా ఉన్నాయి. శ్రీనివాసుడు పద్మావతీదేవితో కలిసి పెళ్లయ్యాక ఆరు నెలలు ఉన్న చోటని చెప్పుకునే శ్రీనివాస మంగాపురానికి కొత్త జంటను తీసుకెళ్లేవారు చాలామంది. ఆ బండిలో పెళ్లికూతురు రాత్రంతా మేల్కొని, బరువైన పట్టుచీరతో, పుట్టింటిని వదిలి వస్తూ ఉంటుంది. నీళ్లు, ఓఆర్ఎస్, పొడి గుడ్డలు, తలనొప్పి మాత్రలు, పిన్నీసులు ఒక చిన్న సంచిలోకి మార్చి, ఆమెతో వచ్చే తోడు పెళ్లికూతురి చేతికి ఇచ్చి, ఏది ఎక్కడ ఉందో చూపించండి. మిగిలిన మందులు, చిల్లర లెక్క, అరువు తెచ్చిన గొడుగులు, గుడ్డలు ఎవరివి వారికి ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చేయాలి.